నిజాముకు గద్దె, మాకు బద్నాం

ప్రతి సెప్టెంబరులో మమ్మల్ని బోనెక్కిస్తారు. 17వ తేదీ వస్తే చాలు, బొగ్గుబాయి కాలనీల్లో మైకులు మోగుతాయి. ఒకరు విమోచన అంటారు. ఇంకొకరు విలీనం అంటారు. 2022లో సర్కారు సమైక్యత అన్నది, 2024లో ప్రజాపాలన అన్నది. పేరేదైనా ఉపన్యాసంలో రజాకారు రాక తప్పదు. ఆ మాట రాగానే కళ్లన్నీ మా వైపు తిరుగుతాయి. రామగిరి ఖిల్లా నీడన బొగ్గు తవ్వే మేం, లారీలు తోలే మేం, పంక్చర్లు వేసుకు బతికే మేం ఏడో నిజాముకు వారసులమట! ఆయన నగల్లో మా వాటా ఎంతో ఎవరూ చెప్పరు. ఆయన పాపంలో వాటా మాత్రం ఇంటింటికీ పంచుతారు.

సరే, లెక్క తీద్దాం. మొత్తం లెక్క తీద్దాం.

1947 నవంబరు 29న ఢిల్లీ సర్కారూ నిజామూ యథాతథ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఏడాది పాటు ఎవరి జోలికి ఎవరూ పోకూడదు. సంతకాల తడి ఆరకముందే వ్యాపార యుద్ధం మొదలైంది. నిజాం సర్కారు తన రాజ్యంలో భారత రూపాయి చెల్లదన్నది, బంగారం, వెండి బయటికి పోకుండా నిషేధం పెట్టింది, పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పిచ్చింది. ఇటు నుంచి యూనియన్ దిగ్బంధం బిగించింది. హైదరాబాదుకు రేవు లేదు, నాలుగు దిక్కులా యూనియన్ నేలే. మందులు సైతం రానివ్వడం లేదని హైదరాబాదు మొత్తుకున్నది. మేం ఆపింది ఆయుధాలనే అని ఢిల్లీ బదులిచ్చింది. సరిహద్దు నాకాల్లో ఆగింది మాత్రం ఆయుధాలొక్కటే కాదు.

ఇంతకూ ఆయుధాలైనా ఆగాయా? సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానగాడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో తుపాకులు తెచ్చి దించాడు. నవాబు తుపాకికి ఆకాశం తెరిచే ఉన్నది. బీదవాడి సరుకుకే నేల మూసుకున్నది. ఆంక్షల అసలు రూపం ఇదే. గురి రాజు మీద అంటారు, దెబ్బ పొయ్యి మీద పడుతుంది.

ఇది మాకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. 2011 సకల జనుల సమ్మెలో నెలకు పైగా బాయిల్లో బొగ్గు తీయలేదు. అప్పుడు ముందుగా ఆగింది పెద్దసార్ల కారా, కార్మికుడి కిరాణం ఖాతానా? కాలనీలో ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది.

దిగ్బంధం ఒంటరిగా రాదు. అబద్ధాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. కాసిం రజ్వీ ప్రగల్భాలు ముస్లింలందరి మాటగా దేశమంతా చాటారు. రజాకార్లు 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో చేసిన నరమేధాన్ని మేం దాచం, సమర్థించం. కానీ అదే ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో చంపిందెవరు? రజాకార్లే. ఎందుకు చంపారు? యూనియన్‌లో చేరాలని రాసినందుకు. ఆయన ముస్లిం కాదా? 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతమైన షేక్ బందగీ ఎవరు? నిజాముపై తిరగబడ్డ మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? మైకులో రజ్వీ పేరు పదిసార్లు వినిపిస్తుంది. వీళ్ల పేర్లు ఒక్కసారి వినిపించవేం? ఉన్నది చెప్పకపోవడం కూడా అబద్ధమే.

1948 ఆగస్టులో హైదరాబాదు ఐక్యరాజ్యసమితి గడప తొక్కింది. సెప్టెంబరు 13న సైన్యం దిగింది. టాంకులు, విమానాలు, మేజర్ జనరల్ చౌధురి. దీనికి పెట్టిన పేరు పోలీసు చర్య! ఆ పేరు ఊరికే పెట్టలేదు. యుద్ధమంటే ప్రపంచం అడుగుతుంది. పోలీసు చర్య అంటే ఇంటి వ్యవహారం, బయటివాడు నోరెత్తకూడదు. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. భద్రతా సమితి చర్చ ఒక కొలిక్కి వచ్చేలోపే అడగాల్సిన రాజ్యమే మిగల్లేదు.

ఆ తర్వాత జరిగింది చూసి రమ్మని నెహ్రూ పండిత్ సుందర్‌లాల్‌నూ, ఖాజీ అబ్దుల్ గఫార్‌నూ పంపాడు. ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్లు రాశారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు ఎక్కువగా నెత్తురోడాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. సర్కారు చేతిలో అబద్ధం ఒక ఆయుధమైతే, బీరువా తాళంచెవి రెండోది.

మరి దిగ్బంధానికి గురి అన్న నిజాం ఏమయ్యాడు? 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు. 1956 దాకా ఆ గద్దె మీదే ఉన్నాడు. ఏటా 50 లక్షల రాజభరణం పుచ్చుకున్నాడు. మాకేమొచ్చింది? రజాకారన్న బిరుదు.

ఇది ఒక్క హైదరాబాదు కథ కాదు. 1990 ఆగస్టులో కువైట్‌ను సద్దాం ఆక్రమించాడు. నాలుగు రోజుల్లో ఐక్యరాజ్యసమితి ఇరాక్‌పై ఆంక్షలు పెట్టింది. గల్ఫ్‌కు పోయిన వాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఆ అక్టోబరులో ఒక పదిహేనేళ్ల పిల్ల అమెరికాలో ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది, ఇరాకీ సైనికులు పసికందులను ఇంక్యుబేటర్లలోంచి తీసి నేలమీద పడేశారని. ఆమె కువైట్ రాయబారి కూతురనీ, ఆ ప్రచారాన్ని నడిపింది ఒక ప్రచార కంపెనీ అనీ 1992లో బయటపడింది. అప్పటికి యుద్ధమే ముగిసింది. ఆంక్షలు మాత్రం 2003 దాకా సాగాయి. వాటిని భరించలేక అక్కడి ఐక్యరాజ్యసమితి అధికారి డెనిస్ హాలిడే 1998లో రాజీనామా చేశాడు. సద్దాం మహళ్లు కట్టుకుంటూనే ఉన్నాడు. మందు దొరకనిది మామూలు ఇరాకీకే. అటు సద్దాం సర్కారూ తక్కువ తినలేదు. చనిపోయిన పిల్లల లెక్కనే వంకరతిప్పి లోకానికి చూపిందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. పసిపిల్లల శవాలతో ఇరుపక్షాలూ బేరమాడాయి. 2003లో మారణాయుధాలున్నాయని చెప్పి మళ్లీ యుద్ధం చేశారు. ఆయుధాలు దొరకలేదు.

అప్పుడూ మమ్మల్నే అడిగారు, మీరు సద్దాం పక్షమా అని. మేం రజ్వీ పక్షం కాదు, సద్దాం పక్షం కాదు. మందు కోసం నిలబడ్డ మనిషి పక్షం. ఆ మనిషి మతమేదో మేం అడగం. మీరెందుకు అడుగుతారు?

అందుకే మా డిమాండు చిన్నది. సుందర్‌లాల్ నివేదికను తెలుగులో అచ్చేసి ప్రతి ఊరి గ్రంథాలయంలో పెట్టండి. బైరాన్‌పల్లిని, ఉస్మానాబాదును ఒకే పాఠంలో పిల్లలకు చెప్పండి. సెప్టెంబరు 17న బందగీ పేరు, షోయబుల్లాఖాన్ పేరు మైకులో పలకండి. అంతవరకూ మీరడిగే దేశభక్తి సర్టిఫికెట్ మీద మేం సంతకం చెయ్యం. నిజాముకు గద్దెనిచ్చినవాళ్లు మమ్మల్ని లెక్క అడిగే ముందు, తాము దాచిన లెక్క చెప్పాలి.