లెక్కల్లో వెనకబడేది పరీక్షనాడు కాదు

ఇంటర్మీడియట్ పరీక్షలు దగ్గరపడేసరికి ఊళ్లలో లెక్కల పేపరు మాట మొదలవుతుంది. అమ్మవారి దగ్గర పెన్ను పెట్టి బొట్టు పెట్టడం, మొక్కుకోవడం, పరీక్ష కేంద్రం దాకా పిల్లవాణ్ణి మోటారు సైకిలు మీద దింపి రావడం, ఇవన్నీ తల్లిదండ్రులు శ్రద్ధగానే చేస్తున్నారు. తప్పు పట్టనక్కరలేదు. కాని ఎం.పి.సి. గ్రూపు తీసుకున్న మన పల్లె పిల్లలు లెక్కల్లో దెబ్బతింటున్నది ఆ రోజు కాదు. కాలేజీలో చేరిన మొదటి మూడు నెలల్లోనే దెబ్బతింటున్నారు. ఆ మూడు నెలలూ వారి గోడు వినే నాథుడు లేడు.

పదో తరగతి లెక్కలకూ ఇంటర్ లెక్కలకూ మధ్య ఎంత ఎత్తు ఉందో చాలామంది పెద్దలకు తెలియదు. పదిలో లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాడు ఇంటర్ మొదటి పరీక్షలో పది, పదిహేను దగ్గర ఆగిపోతే, వాడు సెల్‌ఫోను పట్టుకుని చెడిపోయాడని అనుకుంటారు. అలాంటివారూ ఉండవచ్చు. కాని అందరూ కాదు. మొదటి సంవత్సరంలో త్రికోణమితి సూత్రాలు, సరళరేఖలు, అవకలనం ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. త్రికోణమితి సరిగ్గా పట్టుబడనివాడికి అవకలనం నడవదు. అవకలనం రానివాడు రెండో సంవత్సరంలో సమాకలనం దగ్గర చేతులెత్తేస్తాడు. సాంఘికశాస్త్రంలో ఒక పాఠం వదిలేసి ఇంకో పాఠం చదువుకోవచ్చు, లెక్కల్లో అలా కుదరదు. ఆకుమడి ఎండిపోయాక పొలానికి ఎరువు తోలి లాభమేమిటి?

దీనికి తోడు పేపరు పద్ధతి మారింది. మన రాష్ట్రంలో ఎ, బి అని రెండు లెక్కల పేపర్లుగా, ఒక్కొక్కటి 75 మార్కులకు జరిగిన పరీక్ష, 2025-26 మొదటి సంవత్సరం విద్యార్థుల నుంచి నూరు మార్కుల ఒకే పేపరుగా మారింది. అన్నగారి నోట్సు, మేనమామ కొడుకు గైడు దగ్గర పెట్టుకుని పాత లెక్కలో చదివే పిల్లలు ఈ సంగతి గమనించాలి.

లెక్క కష్టమా, లెక్క చెప్పిన భాష కష్టమా అన్నది కూడా ఆలోచించాలి. ఒక ఉదాహరణ చూద్దాం. మన దగ్గర నూరు మీటర్ల ముళ్లతీగ ఉంది. దానితో నాలుగు పక్కలా కంచె కట్టి పాదు పెట్టుకోవాలి. ఏ కొలతలో కడితే ఎక్కువ చోటు కలిసి వస్తుంది? నలభై పొడవు, పది వెడల్పు పెడితే 400 చదరపు మీటర్లు. ముప్పై, ఇరవై పెడితే 600. నాలుగు పక్కలా పాతికేసి పెడితే 625. అంతకు మించి రాదు. ఎందుకు రాదో చూపించేదే ఇంటర్ పుస్తకంలో ‘గరిష్ఠ, కనిష్ఠ విలువలు’ అనే పాఠం. ఈ లెక్క రైతు బిడ్డకు అర్థం కాదని ఎవరంటారు? అదే లెక్క రెండు వరుసల ఇంగ్లీషు వాక్యంగా వచ్చేసరికి పిల్లవాడు ఏది ఇచ్చారు, ఏది అడిగారు అన్న దగ్గరే ఆగిపోతున్నాడు. సర్కారు బళ్లలో కొన్నేళ్లుగా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. బోధపడనప్పుడు పిల్లవాడి చూపు పక్క పేజీకి పోతుంది. ఇంటర్‌కు వచ్చాక చాలామందికి ఆ ఆసరా ఉండదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్ లెక్కలకు తెలుగు పుస్తకాలు తెచ్చింది. ఇంగ్లీషు మీడియం పిల్లలైనా ఆ పుస్తకం ఒకటి పక్కన ఉంచుకుని అర్థంకాని చోట చూసుకుంటే మేలు. పుస్తకం పాతదైనా ఫరవాలేదు, సూత్రాలు పాతబడవు.

ప్రవేశ పరీక్షల దగ్గరా ఇదే తంతు. ఎంసెట్‌ను ఇప్పుడు ఇ.ఎ.పి.సెట్ అంటున్నారు. ఇందులో ప్రశ్నలు తెలుగులోనూ కనబడతాయి. జె.ఇ.ఇ. మెయిన్‌ను 2021 నుంచి తెలుగుతో కలిపి పదమూడు భాషల్లో పెడుతున్నారు. ఇది మంచి మార్పు. దరఖాస్తు నింపేటప్పుడే భాష ఎంచుకోవాలి, నెట్ సెంటరులో అవతలివాడు ఏదో ఒకటి నొక్కేయకుండా పిల్లలు పక్కనుండి చూసుకోవాలి. అయితే మెయిన్‌లో నెగ్గినవారు ఐ.ఐ.టి.లకు రాసే అడ్వాన్స్‌డ్ పరీక్ష మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. మొదటి మెట్టు దాకా తెలుగులో ఎక్కనిచ్చి, రెండో మెట్టు దగ్గర భాష మార్చుకోమనడం ఏ న్యాయం? హిందీ బిడ్డకు ఉన్న వీలు తెలుగు బిడ్డకు, తమిళ బిడ్డకు, ఒరియా బిడ్డకు ఎందుకు ఉండకూడదు? మన పార్లమెంటు సభ్యులు ఢిల్లీలో గట్టిగా అడగవలసిన మాట ఇది.

పరీక్షల తీరు కూడా వేరువేరు. ఇ.ఎ.పి.సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అందులో సగం, అంటే 80, లెక్కలవే. ఒక్కొక్క ప్రశ్నకు నిమిషం పైన ఏడు సెకన్లు. తప్పు రాస్తే మార్కు కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ వదిలి రాకూడదు. జె.ఇ.ఇ. మెయిన్‌లో లెక్కలు 25 ప్రశ్నలే, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అక్కడ గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోతే నష్టం. ఒక పరీక్షకు మంచిదైన అలవాటు ఇంకో పరీక్షకు చెరుపు చేస్తుంది. పట్నంలో పిల్లలకు ఇవి నూరిపోస్తున్నారు. పల్లెలో ఈ మాట చెప్పేవారే లేక హాలులో కూర్చున్నాక తెలుసుకుంటున్నారు. ఇంటర్ బోర్డు పరీక్ష మాత్రం వీటన్నిటికంటే దయగలది. చివరి జవాబు తప్పినా, సరిగ్గా నడిచిన మెట్లకు మార్కులు పడతాయి. అందువల్ల సగం వచ్చిన లెక్కను కొట్టేయవద్దు. పైగా మన ఇ.ఎ.పి.సెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజి 2025లోనూ ఇచ్చారు.

ఇక ఊళ్లలో జరుగుతున్నది చూడండి. ఇచ్ఛాపురం నుంచి ఎచ్చెర్ల దాకా స్థోమత ఉన్నవారు, లేనివారు కూడా పిల్లల్ని విశాఖపట్నం, విజయవాడ హాస్టళ్లకు పంపుతున్నారు. జీడితోట తాకట్టు పెట్టినవారున్నారు. తండ్రి హైదరాబాదులోనో చెన్నైలోనో కూలిపనిలో ఉండి నెలనెలా పంపే సొమ్ము ఫీజుకే పోతున్న ఇళ్లున్నాయి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చినవారికి ఆ బెంగ లేదు గాని, ఆ సీట్లు ఎన్ని, పిల్లలు ఎంతమంది? మిగిలినవారికి దగ్గరలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీయే దిక్కు. అక్కడ 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలకు అది కొండంత మేలు. అన్నం పెట్టిన చేతితోనే లెక్కల లెక్చరర్‌నూ ఇవ్వాలి. రెగ్యులర్ పోస్టు ఖాళీ, గెస్టు లెక్చరర్ నియామకం ఆలస్యం, ఈలోగా పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని తిరగడం, ఈ వరస కొన్ని చోట్ల ఏటా చూస్తున్నదే. మూడు నెలల తర్వాత లెక్చరర్ వచ్చి పరుగుపరుగున పాఠాలు ముగించినా, పునాది పడవలసిన కాలం అప్పటికే గడిచిపోయింది. కాలేజీ తలుపులు తెరిచిన రోజుకే లెక్కల లెక్చరర్ హాజరుపట్టీలో సంతకం పెట్టేలా జిల్లా ఇంటర్ విద్యాధికారులు ముందే ఏర్పాటు చేయాలి.

ప్రభుత్వం చేసేదాకా ఊరు కూర్చోనక్కరలేదు. ప్రతి పెద్ద ఊళ్లోనూ బి.ఎస్సీ. లెక్కలు చదివి ఇంటి పట్టున ఉన్న యువకులు, రిటైరైన మాస్టార్లు ఒకరిద్దరైనా ఉన్నారు. సాయంత్రం హైస్కూలు గది ఒకటి, రెండు ట్యూబులైట్లు, ఒక నల్లబల్ల చాలు. అక్కడ మళ్లీ పాఠం చెప్పనక్కరలేదు. పిల్లలు తమంతట తాము లెక్క చేసుకోవాలి, ఆగిన చోట అడగాలి. అంతే. గైడులో జవాబు చూసి నోట్సులోకి ఎక్కించుకోవడం చేతిరాతకు పనికొస్తుందేమో గాని లెక్కకు పనికిరాదు. పుస్తకం మూసి, గడియారం ఎదురుగా పెట్టుకుని చేయాలి. వారానికి ఒక పాత ప్రశ్నపత్రం మొదటి నుంచి చివరి దాకా రాయాలి. ఆడపిల్లలకు పక్క ఊరి నుంచి ఆఖరి బస్సు ఉండదు కనుక ఈ ఏర్పాటు ఏ ఊరికి ఆ ఊళ్లోనే ఉండాలి, చీకటి ముదరకముందే ముగియాలి. పంచాయతీ కరెంటు బిల్లు కడితే మిగతాది పెద్దగా ఖర్చు లేని పని. సంక్రాంతికి ఇంటికొచ్చే ఇంజనీరింగు పిల్లలు పేకాట పందిట్లో కాక ఈ గదిలో రెండు పూటలు కూర్చున్నా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ బోలెడు సందేహాలు తీరతాయి.

ఫలితాల రోజు సంగతి కూడా చెప్పాలి. లెక్కల్లో తప్పిన పిల్లకూ పిల్లవాడికీ సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ఏడాది పోదు. ఆ రోజు ఇంట్లో పెద్దలు ఒకరు పనికి పోకుండా పిల్లల పక్కన ఉండాలి, పొరుగింటి మార్కులు ఎత్తకూడదు. మనసు బాగా కుంగితే 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరును కాలేజీ గోడ మీద, పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ఈ పని ఈ వారమే చేయించవచ్చు, దానికి జి.ఓ. కోసం ఎదురుచూడనక్కరలేదు.