ఎవరు దింపారే?



మా పల్నాడులో చలి ముదిరింది. పొద్దున ఏడైనా ఎదురింటి గేటు కనపడనంత మంచు. పత్తి తీతలు చివరికొచ్చాయి, మిరప చేలల్లో కాయ ఎరుపెక్కుతోంది. అసలు ఈ వారం పండుమిరప పచ్చడి గురించి రాద్దామని కూర్చున్నాను. అయితే మొన్న కూరగాయల బండి దగ్గర ఒకావిడ నన్ను ఆపి, "పొద్దున్నే కాలవ కట్ట మీద సైకిలు తొక్కుకుంటూ పోయేది మీరేనాండీ? నాకూ తొక్కాలనుంది, కానీ సిగ్గేస్తోంది" అంది. ఆ ఒక్క మాటతో పచ్చడి వచ్చే వారానికి వాయిదా పడింది. ఏమీ అనుకోకండి.

నాకు నలభై ఆరేళ్ళు. పదకొండో ఏట మా ఊళ్ళో గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. మోకాళ్ళు కొట్టుకుపోయినా ఆ సంతోషం వేరు. ఓణీ వేసిన రోజుతో ఆ ముచ్చట తీరిపోయింది. ఇంటర్ అవగానే పెళ్ళి, ఆ తర్వాత పిల్లలు, వంటిల్లు. ఎక్కడికి వెళ్ళాలన్నా మావారి స్కూటరు వెనక సీటే. మీలో ఎంతమందిది ఇదే కథో నాకు తెలుసు!

మూడేళ్ళ క్రితం డాక్టరుగారు నాకు సుగరు అంచుల్లో ఉందన్నారు. "రోజూ నడవండమ్మా" అన్నారు. నడుద్దామంటే మోకాళ్ళు సలుపు. "అయితే సైకిలు తొక్కండి, ఒంటి బరువు సీటు మీద పడుతుంది కాబట్టి మోకాళ్ళకు అంత శ్రమ ఉండదు" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే వరండాలో గోనెపట్టా కింద మా అబ్బాయి గేర్ల సైకిలు! వాడు పైచదువుకు హైదరాబాదు వెళ్ళాక దాన్ని తాకినవాళ్ళు లేరు. గాలి దిగిపోయింది, చైను తుప్పు పట్టింది, సీటు మీద పిల్లి పడుకుంటోంది.

దానికీ మామూలు సైకిలుకీ తేడా ఏమిటంటారా? టైర్లు లావు. ట్రాక్టరు టైరుకున్నట్టు వాటి మీద గుబ్బలుంటాయి, మట్టిలో పట్టు దొరుకుతుంది. ముందు చక్రానికి అటూ ఇటూ స్ప్రింగు గొట్టాలుంటాయి, గతుకుల దెబ్బ చేతుల దాకా రానివ్వవు. ఇక గేర్లు. వాటి కిటుకు మా అబ్బాయి ఫోనులో ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు. చివరికి నాకు నేనే ఇలా చెప్పుకున్నాను. బిందెడు నీళ్ళు ఒక్కసారే మోయలేకపోతే నాలుగు చెంబులుగా మోస్తాం కదా! తిరగడం ఎక్కువ, బరువు తక్కువ. ముందు పళ్ళచక్రం చిన్నది, వెనకది పెద్దది అయ్యేలా గేరు మారిస్తే అదే జరుగుతుంది. కాళ్ళు ఎక్కువసార్లు తిరుగుతాయి కానీ ఎత్తు మీదకి తేలిగ్గా ఎక్కుతాం.

ఇవి పుట్టిన కథ కూడా సరదాగా ఉంటుంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మారిన్ కౌంటీ అనే చోట కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళేసుకుని కొండల మీది మట్టిదారుల్లో కిందికి దూకించేవాళ్ళట. కిందికి చేరేసరికి బ్రేకు వేడికి వెనక ఇరుసులో గ్రీజు కాలిపోయి పొగలొచ్చేవి. ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకే 1976లో అక్కడ మొదలైన పందేనికి 'రీప్యాక్' అనే పేరొచ్చింది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన అలాంటి దారుల కోసమే ప్రత్యేకంగా సైకిలు తయారుచేశాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో దీన్ని ఆటగా చేర్చారు. ఆడవాళ్ళ పోటీలో తొలి బంగారు పతకం ఇటలీ అమ్మాయి పావోలా పెజ్జోకి దక్కింది. మగపిల్లల అల్లరిగా మొదలైన ఆట ఆడపిల్ల మెడలో బంగారమైంది, చూశారా!

సరే, మా ఇంటికి వద్దాం. 2023 కార్తీక మాసం మొదట్లో, నదీస్నానాలకు వెళ్ళేవాళ్ళు లేచే వేళకి నేనూ లేచి సైకిలు బయటికి తీశాను. మావారు దుప్పటి తీయకుండానే, "ఈ వయసులో సైకిలేంటి, జనం నవ్వుతారు" అన్నారు. మా అత్తగారు, "ఏందమ్మా ఈ చోద్యం! కోడలు సైకిలెక్కితే కొడుకు నడిచిపోవాలా?" అన్నారు. వీధిలో కుర్రాళ్ళు నిజంగానే నవ్వారు. నాలుగు రోజులు నవ్వి, అయిదో రోజు మానేశారు. నవ్వడానికి కూడా ఓపిక కావాలి కదా!

నరసరావుపేట దాటి కోటప్పకొండ వైపు వెళితే సాగర్ కుడి కాలువ కింద మేజరు కాలవలు పారుతుంటాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసి, 1967లో ఇందిరాగాంధీగారు నీళ్ళు వదిలిన ప్రాజెక్టు అది. అదే మా పల్నాటికి అన్నం పెట్టింది. ఆ కాలవ కట్టే నా బడి అయింది. లారీలు లేవు, హారన్లు లేవు. మంచులో కొంగలు, తుమ్మచెట్లు, మిరప కూలీల ఆటో ఒకటీ అరా. కట్ట దిగి డొంక పడితే మా పుట్టినూరు ఆరు కిలోమీటర్లు. తారురోడ్డున తిరిగి వెళితే పదకొండు. ఈ లెక్క నాకు పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు. వెనక సీటులో కూర్చునేవాళ్ళకు దారి లెక్కలతో పనేముంది?

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు ఎడతెగని వాన. కరెంటు పోయింది. ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి చాలా కాలమైంది, తమ్ముడు హైదరాబాదులో. అమ్మ సెల్లు పలకలేదు. ఏడో తేదీ పొద్దున వాన తెరిపిచ్చింది. మావారు షాపు పని మీద గుంటూరు వెళ్ళి అక్కడే చిక్కుబడ్డారు. ఆటో అబ్బాయిని అడిగితే, "రోడ్డు మీద వాగు పారతంది మేడం, బండి రాదు" అన్నాడు.

అత్తగారికి చెప్పి సైకిలు తీశాను. కాలవ కట్ట గరుసు నేల కాబట్టి బాగానే సాగింది. డొంకలో దిగాక మొదలైంది తంటా! మన నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి సైకిలు బిగుసుకుపోయింది. పుల్లతో గీకడం, పది గజాలు నెట్టడం, మళ్ళీ గీకడం. చివరికి విసుగొచ్చి ఒక తుమ్మచెట్టుకు ఆనించి తాళం వేసి, చెప్పులు చేత పట్టుకుని మిగిలిన దూరం నడిచాను.

అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని మంచంలో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. నన్ను చూసి మొదట అడిగిన మాట, "ఎవరు దింపారే?"

"ఎవరూ దింపలేదమ్మా. నేనే వచ్చా."

కాసేపు నా కాళ్ళ మట్టి వంక చూసింది. "నాలుగు రోజుల్నుంచి వణుకే. కరెంటు పోకముందు ఫోను చేద్దామనుకున్నా. చేస్తే నువ్వు ఆయన్నడగాలి, ఆయన షాపు కట్టేసుకోవాలి, బండి తీయాలి... ఎందుకులే అని ఊరుకున్నా" అంది.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. నేనంటే ఇష్టం లేక కాదు, నేను నా అంతట రాలేనని తెలిసి అమ్మ జ్వరం దాచుకుంది. ఇన్నేళ్ళూ పుట్టింటికి నేను వెళ్ళలేదు, ఎవరో ఒకరు నన్ను దింపి వెళ్ళారు. మన అమ్మలు ఎన్ని జ్వరాలు ఇలా మింగి ఉంటారో ఆలోచించండి.

పక్కింటి వాళ్ళ ట్రాక్టరు మీద చుట్టుదారిన పేటకు తీసుకొచ్చాం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేసిందన్నారు. అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు బాగుంది. వారానికి రెండుసార్లు వెళ్ళి కలిసొస్తాను. గుమ్మంలో బెల్లు వినపడితే చాలు, జొన్నరొట్టెకు పిండి కలుపుతుంది.

మావారు గుంటూరు నుంచి వచ్చి సంగతంతా విన్నారు. ఏమీ అనలేదు. మర్నాడు డొంకలోంచి సైకిలు తెచ్చి కడిగించారు. వెనక తగిలించే ఎర్రలైటు ఒకటి కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టారు. మా అత్తగారు మాత్రం నెల తర్వాత నన్ను పిలిచి, "మా చెల్లెలి ఊరికి దాని మీద ఎంతసేపు పడుద్ది?" అని మెల్లగా అడిగారు!

అయితే ఆ రోజు నేను చేసినట్టు మీరు చేయకండి. తుపాను రోజుల్లో డొంకలెక్కడం తెలివైన పని కాదు. పారే నీళ్ళలోకి సైకిలు అసలే దించకూడదు. మోకాటి లోతు నీళ్ళయినా మనిషిని లాగేస్తాయి. ఈ మూడు చలికాలాల్లో పడుతూ లేస్తూ నేర్చుకున్నవి కొన్ని చెబుతాను, రాసి పెట్టుకోండి.

మొదట సీటు ఎత్తు. పెడలు కిందికి దిగినప్పుడు కాలు దాదాపు చాపినట్టుండాలి. సీటు మరీ కిందికుంటే మోకాళ్ళ నొప్పి పెరుగుతుంది.

మంచులో మనం అవతలివాళ్ళకు కనపడడం ముఖ్యం. ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు, ఒంటి మీద లేతరంగు బట్ట ఉండాలి. పత్తి లోడు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించి వస్తాయి. మంచు దట్టంగా ఉంటే ఒక గంట ఆగి బయలుదేరండి, కొంప మునిగేదేమీ లేదు.

చున్నీ చివర్లు నడుముకు బిగించి ముడేయండి. వేలాడే చున్నీ చక్రంలో పడితే మెడకే ప్రమాదం. చైను వైపు కాలి దగ్గర పైజామాకు రబ్బరుబ్యాండు వేయండి. తలకు హెల్మెట్ మరిచిపోవద్దు.

దిగుడులో రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కాలి. ముందుది ఒక్కటే గట్టిగా పట్టారో, సైకిలు ఆగుతుంది, మనం ఆగం!

నల్లమట్టి తడిగా ఉంటే దిగి పక్కనున్న గడ్డి మీద నెట్టుకెళ్ళండి. ఇంటికొచ్చాక మట్టి ఆరనిచ్చి బ్రష్షుతో దులపండి. చైను పాతగుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె చుక్కలు వేసి, పైకి తేలిన నూనె తుడిచేయండి. కొబ్బరినూనె వేయొద్దు. చలికి సీసాలో పేరుకున్నట్టే చైనులోనూ పేరుకుంటుంది.

కట్ట మీద తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు ఎక్కువ. చిన్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

సుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టండి. ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కొంగున చిన్న బెల్లం ముక్క కట్టుకోండి.

సిగ్గంటారా? తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో పల్లెటూరి ఆడవాళ్ళు వేలకు వేల మంది సైకిలు నేర్చుకున్నారు. పొలం కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ అమ్మలు, ఎవరూ వెనకాడలేదు. ఆడవాళ్ళ సైకిళ్ళు సరిపడా దొరక్కపోతే మగవాళ్ళవే కొనుక్కున్నారు. ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నారట! పాలగుమ్మి సాయినాథ్‌గారు 1996లో వచ్చిన తన పుస్తకంలో వాళ్ళ గురించి రాశారు. వాళ్ళకు లేని సిగ్గు మనకెందుకు?

మా కోటప్పకొండ కథలో గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామికి పాలు పోసి వచ్చేదంటారు. ఆమె శాపం వల్లే ఆ కొండ మీద కాకి వాలదని మా పెద్దలు చెబుతారు. 2024 మాఘమాసంలో ఒక పొద్దున నేనూ ఘాటురోడ్డున సైకిలు తీసుకెళ్ళాను. సగం దూరం తొక్కాను, సగం నెట్టాను, దాచుకోవడమెందుకు! పైనుంచి చూస్తే మంచు విడిపోతూ కాలవ వెండిగొలుసులా కనిపించింది. మా అమ్మ ఊరు ఏ వైపో చూపుడువేలితో గుర్తుపట్టగలిగాను. దారి నేనే తొక్కాను కాబట్టి.

శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుంది. ఈలోపే మొదలుపెట్టండి, ఎండలు ముదిరాక నేర్చుకోవడం కష్టం. మీ వరండాలో గోనెపట్టా కింద ఏముందో ఒకసారి తీసి చూడండి. తర్వాత మీ అమ్మగారికి ఫోను చేయండి. "బాగున్నానే" అంటే వెంటనే నమ్మేయకండి.

వచ్చే వారం తప్పకుండా పండుమిరప పచ్చడి!