విదేశీ భాషల ఎంపిక: సూరత్ నేర్పే పాఠం

సూరత్: ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం సూరత్ కార్ఖానాల నుంచే వెళ్తాయి. 2023 డిసెంబరు 17న ప్రధాని నరేంద్ర మోదీ ఇక్కడ ‘సూరత్ డైమండ్ బోర్స్’ను ప్రారంభించారు. ప్రపంచంతో నేరుగా వర్తకం చేయదలచిన ఈ నగరానికి ఏ విదేశీ భాషలు అక్కరకొస్తాయి? తెలంగాణ నుంచి వలస వచ్చి మరమగ్గాలపై బతుకుతున్న నేత కుటుంబాల పిల్లలకూ ఇది జీవనోపాధి ప్రశ్నే.

మొఘలుల కాలంలో ఈ ఓడరేవులో పాలనకు పారసీకం, ఐరోపా వర్తకులతో వ్యవహారానికి పోర్చుగీసు ఉపకరించాయి. వర్తక మార్గాలు మారాక ఆ భాషల ప్రాభవమూ తగ్గింది.

నేడు ముడి వజ్రాలు లభించే దేశాల్లో రష్యా, అంగోలా, కాంగో ముఖ్యమైనవి. అక్కడ రష్యన్, పోర్చుగీసు, ఫ్రెంచి అవసరం. జౌళి పరిశ్రమకు యంత్రాలు చైనా నుంచీ వస్తున్నందున మాండరిన్‌కూ విలువ ఉంది. అయితే 2024 జనవరి 1 నుంచి రష్యా వజ్రాలపై జీ-7 ఆంక్షలు, 2025 ఆగస్టులో భారత వస్తువులపై అమెరికా విధించిన 50 శాతం సుంకాలు ఒకే విపణిని నమ్ముకోవడంలోని ప్రమాదాన్ని చాటాయి. ఒక వ్యాపారం కోసమే భాష నేర్చినవారికీ ఆ ప్రమాదం తప్పదు.

ఉద్యోగార్థుల లెక్క వేరు. నిపుణులైన భారతీయులకు ఇచ్చే వార్షిక వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. నిర్దేశిత నైపుణ్య కార్మికుల కోసం జపాన్ 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం చేసుకుంది. జర్మనీలో నర్సులకు సాధారణంగా బీ2 స్థాయి, జపాన్ పథకానికి ఎన్4 లేదా తత్సమాన స్థాయి కావాలి. మూడు నెలల పరిచయ కోర్సు ఇందుకు చాలదు. చేతిలో వృత్తి లేనిదే భాష ఒక్కటే ఉద్యోగం తేలేదు.

2020 జాతీయ విద్యా విధానం మాధ్యమిక స్థాయిలో కొరియన్, జపనీస్, ఫ్రెంచి, జర్మన్ వంటి భాషలను ప్రస్తావించింది. 2019 ముసాయిదాలో ఉన్న చైనీస్ తుది పత్రంలో కనిపించలేదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలనూ నడుపుతోంది. ఖరీదైన శిక్షణ కేంద్రాలకు వెళ్లలేని ఆ విద్యార్థులకు బడిలోనే ఒక విదేశీ భాషను వృత్తి శిక్షణతో జోడిస్తే అవకాశం అందరిదవుతుంది. అనువాద యంత్రాలు లేఖలు రాసిపెట్టగలవు. రోగి పక్కన నిలిచి మాట్లాడాల్సింది మాత్రం మనిషే.