పూలు పెంచిన చేతికి మూర పూలు ఇవ్వలేమా?

గుండుమల్లె విత్తనాలు కావాలని కొట్లో అడిగితే నవ్వుతారు. ముద్దగా పూసే మల్లెకు విత్తనం కట్టదు. కొమ్మ కత్తిరించి నాటుకోవాలి, లేదంటే కింది రెమ్మను వంచి మట్టిలో అణిచి, వేళ్లు పోసుకున్నాక వేరుచేసి తెచ్చుకోవాలి. కాబట్టి మన పెరట్లోనో, డాబా మీద కుండీలోనో ఉన్న మల్లెపాదు ఎవరో ఒకరి చెట్టుకు బిడ్డే. అమ్మమ్మో, అత్తయ్యో, పక్కింటి పిన్నిగారో ఇచ్చిన అంటు అది.

మా ఇంట్లో మూడు కుండీల మల్లె మా మేనత్త ఇచ్చినదే. మొక్కల సంగతి ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకుంటాను. సంక్రాంతికి ముందు నుంచే నీళ్లు తగ్గించేస్తుంది. పండగ వెళ్లాక కొమ్మల్ని మోకాలి ఎత్తుకు కత్తిరిస్తుంది. చూసేవాళ్లకు ‘అయ్యో, చెట్టు పోయిందే’ అనిపిస్తుంది. ఆ తరవాత మొదట్లో మట్టి గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి మళ్లీ నీళ్లు మొదలుపెడుతుంది. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురుకే కనుక ఈ కత్తిరింపు తప్పదంటుంది. రోజుకు ఐదారు గంటలైనా ఎండ తగలాలి. నీడలో తీగ సాగుతుందే గానీ పూత రాదు. ఇవన్నీ కుదిరితే ఉగాది నాటికి మొగ్గలే మొగ్గలు. పొద్దున్నే కోసి తడిబట్టలో ఉంచి దండ కడితే, సాయంత్రానికి దండలోనే విచ్చుకుంటాయి.

ఇంత చేసే మా అత్తయ్య ఒక్క పువ్వు కూడా తలలో పెట్టుకోదు. మామయ్య పోయి పందొమ్మిదేళ్లయింది. పేరంటంలో పూలపళ్లెం తిరిగేవేళకు ఆవిడ వంటింట్లోకి తప్పుకుంటుంది. వెళ్లమని ఎవరూ అనరు. ఉండమనీ అనరు. నేనోసారి ‘పెట్టుకోకూడదా అత్తయ్యా’ అంటే, ‘కోసేటప్పుడు చేతులకు అంటిన వాసన చాల్లేవే’ అంది. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఎప్పటి ఆచారాలో ఇవి, ఇప్పుడెక్కడున్నాయి అనకండి. వితంతు వివాహాలను అనుమతిస్తూ 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహం చేయించారు. అంటే మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు వచ్చి తరాలు గడిచాయి. కానీ, ‘నాకు పెళ్లేం వద్దు, మూర పూలు పెట్టుకుంటాను’ అనడానికి ఇవాళ్టికీ చాలామందికి ధైర్యం చాలడం లేదు. పూలు పెట్టుకోవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. అడ్డుపడుతున్నవి మన చూపులు, మన గుసగుసలు.

పూలు భర్తతో వచ్చాయా? మన ఇళ్లలో ఎండాకాలం వస్తే ఆరేళ్ల పిల్లకు మల్లెమొగ్గలతో పూలజడ కుట్టి, వెనకాల అద్దం పెట్టి ఫొటో తీయించేవారు. ఆ పిల్ల అప్పుడు ఎవరి భార్య? పుట్టింట్లో వచ్చిన ముచ్చటను మధ్యలో వచ్చిన మనిషి పోయినప్పుడు ఎందుకు వదులుకోవాలి?

మా చెల్లెలు ఢిల్లీలో ఉంటుంది. అక్కడ చలికాలంలో కుండీల్లో స్టాక్ అనే పూలు వేస్తారు. మధ్యధరా సముద్రతీరాల నుంచి వచ్చిన మొక్క, మన ఆవాల కుటుంబానిదే. చల్లదనం ఉంటేనే పూస్తుంది. లవంగాల్లాంటి ఘాటైన వాసన. ఆ పూలను ఎవరు వాసన చూడొచ్చు, ఎవరు చూడకూడదు అని ఏ పెద్దలూ చెప్పలేదు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ తలో రెమ్మా తుంచి ఇస్తుందట మా చెల్లెలు. మల్లెకున్న కట్టుబాట్లు కూడా చెట్టుకు పుట్టుకతో వచ్చినవి కావు, మనం కట్టినవే కదా!

కట్టినవాళ్లే విప్పగలరు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మేలో ఒక తీర్మానం చేసింది. భర్త పోయినప్పుడు బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం, మెట్టెలు తీయించడం ఇకపై తమ ఊళ్లో ఉండకూడదని. మిగతా ఊళ్లు కూడా ఆ దారిలో నడవాలని తరవాత అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఒక ఊరు అంత పని చేయగలిగినప్పుడు ఒక ఇల్లు చిన్న పని చేయలేదా?

పెద్దవాళ్లకు బలవంతంగా పూలు పెట్టమని కాదు నేననేది. ఏళ్ల తరబడి అలవాటైపోయిన ఆవిడకు వద్దనిపిస్తే అది ఆవిడ ఇష్టం. కానీ అడగాలి కదా! పేరంటంలో పళ్లెం ఆవిడ ముందు కూడా ఆగాలి. పసుపు, కుంకుమ, పూలు అందరికీ చూపించినట్టే ఆవిడకూ చూపించాలి. తీసుకోవడమో మానడమో ఆవిడ చేతిలో ఉండాలి. ఆ పని ఇంటి ఇల్లాలు చేస్తేనే మిగతావాళ్లు నోరు మెదపరు. అందులోనూ కూతురి పెళ్లిలో, మనవరాలి సీమంతంలో తల్లినీ అమ్మమ్మనూ పక్కకు నిలబెట్టే పద్ధతి మనమే మానిపించాలి.

మళ్లీ మల్లెల కాలం వస్తుంది. మీ ఇంట్లోనూ చెట్టుకు నీళ్లు పోసి, దండ కట్టి, తను మాత్రం పెట్టుకోని అత్తయ్యో పెద్దమ్మో ఉండే ఉంటారు. ఈసారి మొదటి మూర తెంపి ఆవిడ చేతికే ఇచ్చి చూడండి. ఏమంటారు?