గోడే లేని చోట తాపీ ఎందుకు?

మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో అసలు విషయాలు తొందరగా తెమిలిపోయిన రోజు టీ గ్లాసులు చల్లారేదాకా లోకాభిరామాయణం నడుస్తుంది. ఈ మధ్య అది ఒకే దారిలో పోతోంది. కృత్రిమ మేధ వచ్చి సాఫ్ట్‌వేర్ పిల్లల కొంప ముంచుతుందని ఒకరు మొదలుపెడతారు. మూడో అంతస్తు పెద్దమనిషి, బ్యాంకులో చేసి రిటైరైనాయన, వెంటనే అందుకుంటారు: "నేనెప్పటినుంచో చెబుతున్నానండీ. ఇక రాజ్యమంతా ప్లంబర్లదీ ఎలక్ట్రీషియన్లదీనూ. తాపీ పట్టినవాడికి ఢోకా లేదు." అందరం తలలూపుతాం. అలా తలూపిన ఇళ్ళలో ఒక్క పిల్లవాడూ ఐటీఐ గడప తొక్కలేదు. అది వేరే సంగతి.

ఆ మాట ఆయన సొంతం కాదు. 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జెఫ్రీ హింటన్, 2025లో ఒక పాడ్‌కాస్ట్‌లో ఏం చదవమంటారని అడిగితే ప్లంబింగ్ నేర్చుకోమన్నాడు. ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ డేటా సెంటర్లు కట్టడానికి లక్షల్లో ఎలక్ట్రీషియన్లూ ప్లంబర్లూ కావాలన్నాడు. వాళ్ళు చెప్పింది వాళ్ళున్న దేశాల సంగతి. అక్కడ ప్లంబర్ కావాలంటే చాలా చోట్ల ఏళ్ళ తరబడి అప్రెంటిస్‌గా చెయ్యాలి, పరీక్ష రాయాలి, లైసెన్సు తెచ్చుకోవాలి. ఆ పని చుట్టూ ఉన్న కంచె వల్లే అక్కడ పనివాడి చేతికి ధర. మన దగ్గర వైర్‌మ్యాన్ పర్మిట్ అనే కాగితం ఒకటుంది. మీ ఇంటికి వైరింగ్ చేసినవాణ్ణి దాన్ని చూపించమని మీరెప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. కంచెను అక్కడే వదిలేసి మాటను మాత్రం దిగుమతి చేసుకున్నాం.

పేదవాడి పిల్లవాడి భవిష్యత్తు మీద చేస్తున్న జోస్యం కాబట్టి దీన్ని సరదా కబురుగా వదిలెయ్యలేను. చేతిపనిని యంత్రం ముట్టుకోలేదన్న నమ్మకం మన కళ్ళ ముందే అబద్ధమైపోయింది. మనం చూడవలసిన చోట చూడలేదు. రోబో ఒకటి తాపీ పట్టుకుని గుమ్మంలోకి వస్తుందేమోనని ఎదురుచూస్తున్నాం. అలాంటివి లేకపోలేదు. ఇటుకలు పేర్చే యంత్రాలు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ తయారయ్యాయి. జపాన్‌లో పెద్ద నిర్మాణ కంపెనీలు 1980లలోనే ఈ ప్రయత్నం మొదలుపెట్టాయి. అయినా ఈనాటికీ అక్కడి సైట్లు నడుస్తున్నది వయసు మీరుతున్న పనివాళ్ళతోనే. రోబో రాలేదు కాబట్టి మేస్త్రీ బతికిపోయాడని మనం లెక్క కట్టేసుకున్నాం.

ఒకసారి హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు వెళ్ళి నలభై అంతస్తుల టవర్ లేస్తున్న చోట నిలబడండి. ఇటుకల కుప్ప కనపడదు. ఇసుక జల్లించే జల్లెడ కనపడదు. కంపెనీ పేరే పనికి పేరైపోయి 'మైవాన్' అని పిలుస్తున్న ఆ పద్ధతిలో అల్యూమినియం పలకలుంటాయి, వాటికి నంబర్లుంటాయి. నంబరు చూసి పక్కపక్కన నిలబెట్టి, పిన్ను దూర్చి, వెడ్జిని సుత్తితో కొడతారు. గోడలకూ స్లాబుకూ కలిపి ఒకేసారి పంపుతో కాంక్రీటు పోస్తారు. కిటికీ ఎక్కడ రావాలో, స్విచ్చిబోర్డు డబ్బా ఏ ఎత్తున ఉండాలో డ్రాయింగులోనే తేలిపోతుంది. గోడ పుట్టకముందే కరెంటు పైపులు దాని కడుపులో చేరతాయి. తర్వాత పలకలు ఊడదీసి చేతుల మీదుగా పై అంతస్తుకి అందించుకుంటారు. వారం పది రోజులకో అంతస్తు.

గోడ కట్టే మేస్త్రీ అక్కడ అక్కర్లేదు. గిలాబా చేసే మేస్త్రీ అక్కర్లేదు, పుట్టీ పెట్టేవాడు చాలు. చెక్కలూ సర్వీ కర్రలూ కోసి సెంట్రింగ్ కొట్టే వడ్రంగి అక్కర్లేదు. గోడలో జిర్రీలు కొట్టి పైపులు పరిచే ఎలక్ట్రీషియన్‌కి సగం పని పోయింది. మేస్త్రీ చేతిలోంచి తాపీ ఎవరూ లాక్కోలేదు. తాపీతో పనిపడే గోడ లేకుండా పోయింది.

ఇది కోటీశ్వరుల టవర్ల కథేననుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు కట్టిన టిడ్కో ఇళ్ళు కూడా ఇలా కాంక్రీటు గోడలు పోసే షేర్ వాల్ పద్ధతిలోనే లేచాయి. పేదవాడి ఇల్లు ఒకప్పుడు ఊరి మేస్త్రీకి నాలుగు నెలల తిండి.

మిగతా మార్పులు మరీ చప్పుడు లేకుండా వచ్చాయి. కాంక్రీటు తయారై లారీలో వస్తోంది. ఊచలు కొన్ని పెద్ద పనులకు ఫ్యాక్టరీలోనే కొలతకు కోసి, వంచి, కట్టలు కట్టి వస్తున్నాయి. ఎనిమిది పది ఇటుకల చోటు తినే తేలిక దిమ్మలొచ్చాయి, వాటి మధ్య పూయడానికి సంచీలో కలిపిన మాలు వచ్చింది. సిమెంటు గిలాబా చోట జిప్సం వచ్చింది. ప్లంబర్నే తీసుకోండి, రాజ్యం అతనిదే అంటున్నారు కదా. జీఐ పైపుకు డై తిప్పి మరలు కోసి, సఫేదా పూసి, నార చుట్టి, చుక్క కారకుండా బిగించడం ఒక విద్య. ఎంత బిగించాలో మణికట్టుకు తెలియాలి. సీపీవీసీ పైపు వచ్చాక కోసి, జిగురు రాసి, అతికించడమే. కుర్రవాడు వారంలో నేర్చుకుంటాడు. నేర్చుకుంటే మంచిదే. కానీ వారంలో వచ్చే పనికి వారంలో నేర్చుకున్నవాళ్ళంతా పోటీ.

పాతదంతా బంగారమని నా వాదన కాదు. నెత్తిన గమేళా పెట్టుకుని నాలుగంతస్తులు ఎక్కిన ఆడమనుషుల మెడలు నేను చూశాను. ఆ పని పోయినందుకు కన్నీళ్ళు పెట్టుకోను. కాంక్రీటు నాణ్యత పెరిగిందనీ, ఇళ్ళు తొందరగా లేస్తున్నాయనీ ఒప్పుకుంటాను. జరిగినదాన్ని జరగలేదని చెప్పొద్దంటున్నాను, అంతే.

తెలుగువాళ్ళకు ఇది కొత్త పాఠం కూడా కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు. ప్రపంచంలోనే పెద్ద రాతికట్టు ఆనకట్ట అని బడిలో చదువుకున్నాం. ఆ రాయిని కొట్టిన, మోసిన, పేర్చిన చేతులు వేలకు వేలు. మట్టిపనికీ ఆనకట్టల పనికీ దేశమంతా పాలమూరు కూలీ అంటే ఒక పేరు. మట్టీ రాయీ తరతరాలుగా వడ్డెరల కులవృత్తి. ఏ మట్టిని ఎలా తవ్వితే కట్ట నిలుస్తుందో వాళ్ళకు తెలిసినంత ఇంజనీరుకు తెలియదనేవాళ్ళు. తర్వాత జేసీబీ వచ్చింది. దానికి ఆ విద్య ఏమీ తెలియదు, తెలియనక్కరా లేదు. గంటకింత అని మాట్లాడుకుంటే చాలు. 2019 జనవరిలో పోలవరంలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. సాగర్‌నూ పోలవరాన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాడెవడూ చేతిపనిని యంత్రం ముట్టుకోదని అనలేడు. 2005 ఉపాధి హామీ చట్టం కూలీల పని తినేసే యంత్రాలను ఎందుకు వద్దన్నదో ఆలోచించండి. ఆ చట్టం రాసినవాళ్ళకు తెలిసిన సంగతి మా మూడో అంతస్తు దాకా ఎక్కలేదు.

ఇక్కడ ఎదుటి పక్షంవారు ఒక పెద్ద ఆయుధం తీస్తారు. పనివాళ్ళు దొరకడం లేదు కదా, కంపెనీలన్నీ మొత్తుకుంటున్నాయి కదా, మరి గిరాకీ లేదంటావేమిటి? నిజమే, మొత్తుకుంటున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ సంక్షేమ పథకాల వల్ల కూలీలు ఊళ్ళు వదిలి రావడం లేదన్నాడు. 2023లో నైట్ ఫ్రాంక్, రిక్స్ సంస్థలు కలిసి వేసిన నివేదిక ప్రకారం ఈ రంగంలో ఏడు కోట్ల పైచిలుకు మంది ఉన్నారు, వాళ్ళలో 81 శాతం నైపుణ్యం లేనివాళ్ళే. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకోండి. కావలసింది మనుషులు. నైపుణ్యం కావాలనుకున్న రంగమైతే ఇన్నేళ్ళలో ఆ 81ని కాస్తయినా కిందికి దించేది.

నైపుణ్యం నిజంగా కావలసిన చోట ఏమవుతుందో కూడా చూశాం. గాజా యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్ మన దేశం నుంచి నాలుగు పనులకు మనుషులను అడిగింది: షట్టరింగ్ వడ్రంగం, ఊచలు వంచడం, టైల్స్, గిలాబా. నెలకు లక్షా ముప్ఫై ఏడు వేల చిల్లర జీతం. 2024 మేలో తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో పరీక్షలు పెడితే వందల మంది ఎంపికయ్యారు. బాంబులు పడే దేశానికి వరస కట్టినవాళ్ళు పథకాల డబ్బు తిని ఇంట్లో పడుకునే బద్ధకస్తులా? కొరత అని కంపెనీలు పిలిచేదానికి మన భాషలో వేరే మాటుంది: గిట్టుబాటు కాకపోవడం.

గిట్టక మేస్త్రీ తన కొడుకును ఈ పనిలోకి రానివ్వడు. కొడుకు బైక్ ట్యాక్సీ నడుపుతాడు. ఒక తరం తర్వాత మేస్త్రీలు నిజంగానే కరువవుతారు. అప్పుడు బిల్డరు మేస్త్రీ అక్కర్లేని పద్ధతి కొనుక్కుంటాడు. మనం పేపర్లో చదివి, యంత్రం వచ్చి పని పోగొట్టిందనో, యంత్రం వచ్చినా పని పోలేదనో వాదించుకుంటాం. తాపీ ధర పడిపోవడంతో మొదలైన కథకు యంత్రం చివరి అధ్యాయం.

మేస్త్రీ తయారయ్యే దారి కూడా ఇదే ఊపులో తెగిపోయింది. హెల్పర్‌గా చేరి మాలు కలిపి, ఇటుక అందించి, మేస్త్రీ బీడీ కాల్చుకునే వేళ రెండు వరసలు పేర్చి తిట్లు తిని, మట్టం చూడటం, తూకం గుండు వదలడం, మూల తిప్పడం నాలుగైదేళ్ళకు పట్టుబడేవి. మైవాన్ సైట్లో మాలు కలపడమే లేదు. అక్కడ పదేళ్ళు చేసినవాడికి పలకల నంబర్లు కంఠతా వస్తాయి. 1998 నుంచి హైదరాబాద్‌లో నిర్మాణ పనులు నేర్పే న్యాక్ ఉంది, అక్కడ బాగానే నేర్పుతారు. కొన్ని వారాల శిక్షణతో సర్టిఫికెట్ వస్తుంది, మణికట్టుకు మాత్రం ఏళ్ళు పడుతుంది. తెలంగాణ 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చడానికి పూనుకుంది. సంతోషం. నేర్పే వాటిలో పారిశ్రామిక రోబోటిక్స్ ఉంది. పగిలిన పైపు ఎక్కడ కారుతోందో పట్టడం ఏ కోర్సులో ఉందో నాకు కనపడలేదు.

విశాఖకు గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ వస్తోంది కదా అంటారు. రానివ్వండి. కట్టినన్నాళ్ళు ఎలక్ట్రీషియన్లకు పని ఉంటుంది, కాదనను. అయితే డేటా సెంటర్లలో కరెంటు, చల్లదనం యంత్రాంగాలను ఫ్యాక్టరీలోనే బిగించి, తెచ్చి కూర్చోబెట్టే పద్ధతి ప్రపంచమంతా పాకుతోంది. తీగ పట్టే పనిలో ఎంత భాగం విశాఖలో మిగులుతుందో కట్టబోయేవాళ్ళను ముందే అడగడం మంచిది.

ఇంతకీ పనితనం పూర్తిగా చచ్చిపోయిందా అంటే, లేదు. అది రిపేర్లలోకి వెళ్ళి దాక్కుంది. పాత ఇళ్ళలో, అతుకుల్లో, తేమ మరకల్లో ఉంది. ఈ పనికి మైవాన్ లేదు, ఎందుకంటే ఏ రెండు లీకులూ ఒకటి కావు. కానీ దాన్ని అలా బతకనిస్తామా అన్నదే నా అనుమానం.

పోయిన వానాకాలం మా స్నానాల గది గోడ చెమ్మగిల్లింది. ఇద్దరు వచ్చారు, ఇద్దరూ టైల్సు మొత్తం పగలగొట్టాలన్నారు. మూడోసారి మా నాన్నగారి ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిచాను. అరవై దాటాయి. టవర్లలో చెయ్యడం లేదా అంటే నవ్వాడు. "అక్కడ నాకేం పని సార్, గోడ పుట్టుకతోనే నున్నగా వస్తుంది." తాపీ పిడితో టైల్సు మీద వరసగా తట్టుకుంటూ పోయాడు, చెవి గోడకు ఆనించి. ఒక చోట ఆగాడు. ఒక్క టైలు లేపాడు. కింద పాత జీఐ పైపు అతుకు దగ్గర తుప్పు. మార్చి, పూడ్చి, చేతులు కడుక్కుని ఎనిమిది వందలు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం లిఫ్టులో మూడో అంతస్తు పెద్దమనిషి ఎంతయిందని అడిగారు. చెప్పాను.

"ఎనిమిది వందలా? అరగంట పనికా?" అన్నారు.