దొంగలు పడిన పిదప

దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినవని మనలో నొక సామెత గలదు. నేటి మన వ్యాపారసంస్థల రక్షణవిధానమును జూడగా, ఈ సామెత వానికొఱకే పుట్టెనా యని తోచుచున్నది. పూర్వము దొంగ గోడకు కన్నము వేసినచో తెల్లవాఱిన పిదప ఆ కన్నమైనను కన్పట్టెడిది. నేటి దొంగ యే దేశమున నుండునో తెలియదు. ఇనుపపెట్టె మూసినది మూసినట్లే యుండును. ధనము మాత్రము మాయమగును.

పుణెలోని కాస్మాస్ సహకార బ్యాంకు 1906లో, స్వదేశోద్యమము దేశమున వ్యాపించుచున్న కాలమున స్థాపితమైనది. పరుల ధనము నాశింపక, మన కూడబెట్టుతోనే మనము వృద్ధిబొందవలయుననునదియే సహకారధర్మము. అట్టి బ్యాంకునుండి 2018 ఆగస్టు 11వ తేదీని, కొలది గంటలలో, 28 దేశములలోని ఎ.టి.ఎం.ల ద్వారా నకిలీ కార్డులతో సుమారు 78 కోట్ల రూపాయలను దుండగులు తీసికొనిరి. 13వ తేదీని మఱి 13 కోట్లకు పైగా హాంగ్‌కాంగ్‌నకు తరలించిరి. మొత్తము నష్టము 94 కోట్లకు మించినది. ఇది యెట్లు జరిగెను? సొమ్ము ఈయవచ్చునా యని ఎ.టి.ఎం. అడుగగా బ్యాంకు కంప్యూటరు బదులు చెప్పవలయును. దుండగులు నడుమ తమ కపటయంత్రాంగమును నిలిపి, ప్రతి ప్రశ్నకును ‘ఈయవచ్చు’నని చెప్పించిరి. బ్యాంకు గొంతుతో దొంగయే పలికెను!

పుణె దూరమని యూరకుందమా? 2022 జనవరిలో మన హైదరాబాదునందే మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్లకు పైగా తరలిపోయినది. ఉద్యోగులకు వచ్చిన కపటపు ఈమెయిళ్లే దొంగకు ద్వారమైనవని పోలీసుల దర్యాప్తులో తేలినది. రక్షణలోపములకుగాను 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా విధించినది. జరిమానాకు భయపడి మేల్కొనువాని మేలుకొలుపు ఎంతకాలము నిలుచును?

“మాబోటి చిన్నవారియొద్ద నేమున్నది?” అని కొందఱు వర్తకులందురు. ఈ దొంగతనము మనుష్యుని జూచి వచ్చునది కాదు. రంధ్రమును జూచి వచ్చునది. 2017 మే నెలలో ‘వానాక్రై’ యను ఉపద్రవము సుమారు 150 దేశములలో కంప్యూటర్లకు తాళము వేసి, విడుదలకు వెల యడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు సైతము కొన్ని దానివాత బడినవి. ఆ రంధ్రమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ మార్చి నెలలోనే విడుదల చేసియుండెను. మందు చేతనుండియు త్రాగనివాడు రోగమును నిందింపనేల?

కర్తవ్యము దుష్కరమైనది కాదు. సవరణలు వచ్చినవి వచ్చినట్లే వేయవలయును. లెక్కల నకళ్లను కంప్యూటరుతో సంబంధములేని వేఱొకచోట భద్రపఱచి, వానితో పని తిరిగి నడచునో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలయును. పెద్దమొత్తము చెల్లింపునకు ఇరువురి సమ్మతి యుండవలయును. ఖాతా మాఱినదని ఈమెయిలు వచ్చినచో, తాము పూర్వమెఱిగిన ఫోను నంబరునకు మాటలాడినగాని పైకము పంపరాదు. పని విడిచిపోయినవాని ప్రవేశాధికారమును ఆనాడే రద్దు చేయవలయును. ఏ గుమాస్తాకైనను తన పనికి వలసినంత యధికారమేగాని యధికము కూడదు.

వీనియన్నింటికంటె ముఖ్యమైనది సత్యము. చొరబాటు కనుగొన్న 6 గంటలలోపల తెలుపవలయునని కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆదేశించినది. పరువు పోవునని దాచువారు పొరుగువాని యింటికి గూడ దొంగను పంపుచున్నారు. పొరపాటును వెంటనే చెప్పిన గుమాస్తాను దండించు యజమాని, రెండవసారి దానిని దాచుమని బోధించుచున్నాడు.

యంత్రములు కొన్నంతమాత్రమున రక్షణ చేకూఱదు. కావలి కాయుట జీతగాని పని యని పాలకవర్గము చేతులు దులుపుకొనరాదు. కూలివాడు కూడబెట్టిన రూపాయకు పూచీపడినవారు వారే. ఆఱునెలలకు మొఱుగుదుమా, ఆఱుగంటలలోపల మేల్కొందుమా యనుటయే నేటి ప్రశ్న.