రుసుం లేని కార్డు: ప్రయాణానికా, పరపతికా?

మచిలీపట్నం: “ఏడాది రుసుం లేదు, కార్డు ఉచితం” అనే పిలుపులు ఇప్పుడు పట్టణాలకే పరిమితం కాలేదు. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో జోడించే వీలు కలిగింది. దాంతో ఎరువుల కొట్టులోనైనా, కిరాణా దుకాణంలోనైనా ఫోను చూపి కార్డు అప్పు మీద సరుకు కొనడం సాధ్యమైంది. ఏ కార్డు తీసుకోవాలి, అసలు తీసుకోవాలా అన్న ప్రశ్న గ్రామాలకూ వచ్చింది.

క్రెడిట్ కార్డు మాట ఈ జిల్లాకు కొత్తది కాదు. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ పట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు జారీ చేసింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైన సంగతి విదితమే. రైతుల వద్ద ఉన్న కిసాన్ క్రెడిట్ కార్డు మాత్రం వేరు. అది పంట రుణం. 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా చెల్లిస్తే 4 శాతమే పడుతుంది. ఈ రెంటినీ ఒకటిగా భావించడం ప్రమాదకరం.

ప్రయాణపు కార్డు

ఉచిత కార్డులలో కొన్ని ప్రయాణాల కోసం ఉద్దేశించినవి. విమానాశ్రయంలో విశ్రాంతి గది, విమాన టిక్కెట్లపై పాయింట్లు వీటి ఆకర్షణ. ఏడాదికొకసారి తిరుపతికో, షిరిడీకో రైలులో వెళ్లివచ్చే కుటుంబానికి వీటివల్ల ఒరిగేది స్వల్పం. విదేశాలకు వెళ్లేవారి సంగతి వేరు. మామూలు కార్డును విదేశంలో వాడితే చాలా బ్యాంకులు 3.5 శాతం వరకు అదనంగా వసూలు చేస్తాయి. 50,000 రూపాయల ఖర్చుపై ఇది 1,750 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 315 రూపాయలు, వెరసి 2,065 రూపాయలు. ఈ అదనపు వసూలు లేని ఉచిత కార్డు ఆ కుటుంబాలకు ఉపయోగమే. అయితే ఇక్కడ సంపాదించిన స్కోరును అమెరికాలో సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అక్కడికి చదువుకు వెళ్లిన విద్యార్థి మళ్లీ మొదటినుంచి ప్రారంభించవలసిందే.

పరపతి కార్డు

సహకార పరపతి సంఘంలో సకాలంలో బాకీ కట్టిన సభ్యునికి మరుసటి అప్పు సులభంగా పుడుతుంది. సిబిల్ వంటి సంస్థలు ఇచ్చే స్కోరు వెనుక ఉన్నదీ ఈ సూత్రమే. సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు సాధారణంగా మంచిదిగా ఎంచుతాయి. ఎన్నడూ బ్యాంకు అప్పు ఎరుగని వ్యక్తికి స్కోరే ఉండదు. అటువంటివారికి ఫిక్స్‌డ్ డిపాజిట్టు హామీ మీద ఇచ్చే ఉచిత కార్డు అనువైనది. డిపాజిట్టుపై వడ్డీ యథావిధిగా వస్తుంది. పరిమితిలో మూడో వంతు మించకుండా వాడి, ప్రతి నెలా బిల్లు పూర్తిగా చెల్లిస్తే పరపతి పెరుగుతుంది. బిల్లు ఎగవేస్తే మాత్రం బ్యాంకు ఆ డిపాజిట్టులోంచే బాకీ జమ చేసుకుంటుంది.

అసలు భారం వడ్డీ

గ్రామాలలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే ఎక్కువ అనుకుంటారు. కార్డు బాకీపై అది మూడున్నర రూపాయల దాకా ఉంటుంది. అనగా ఏడాదికి 42 శాతం. 20,000 రూపాయల బాకీ మిగిలితే నెలకు వడ్డీ 700, దానిపై జీఎస్టీ 126, మొత్తం 826 రూపాయలు. అయిదు వందల ఏడాది రుసుం తప్పిందని సంతోషించినవారు ఒక్క నెలలోనే అంతకు మించి చెల్లించుకుంటారు. వడ్డీ 30 శాతం మించరాదన్న 2008 నాటి జాతీయ వినియోగదారుల కమిషన్ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది.

బిల్లులో “కనీస మొత్తం” అని చూపేది కడితే ఆలస్య రుసుం తప్పుతుందే తప్ప వడ్డీ తప్పదు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే ఆ రోజునుంచే వడ్డీ మొదలవుతుంది. పంట డబ్బు ఆరు నెలలకు చేతికి వచ్చే రైతుకు ప్రతి నెలా వచ్చే ఈ బిల్లు సరిపడదు. జీతంగాని, పాల డబ్బుగాని, దుకాణపు రాబడిగాని నెలనెలా వచ్చే ఇళ్లకే ఇది తగినది.

నిబంధనల రక్షణ

“మొదటి ఏడాది ఉచితం”, “ఇంత ఖర్చు చేస్తే ఉచితం”, “జీవితాంతం ఉచితం” అనేవి మూడు వేరు వేరు మాటలు. మూడవదైతేనే నిజంగా రుసుం లేనట్టు. 2022 జూలై 1న అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు అడగని కార్డు ఇవ్వరాదు. బాకీ లేని ఖాతాదారు కోరితే ఏడు పనిదినాలలో కార్డు రద్దు చేయాలి. జాప్యమైతే రోజుకు 500 రూపాయలు చెల్లించాలి. సిబిల్ సహా నాలుగు పరపతి సమాచార సంస్థలూ ఏడాదికొక నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది.

ఈ లెక్కల దృష్ట్యా నెలనెలా రాబడి ఉండి ఇల్లు, ట్రాక్టరు వంటి పెద్ద రుణం కోరబోయే కుటుంబానికి డిపాజిట్టు మీది చిన్న ఉచిత కార్డు మేలు. విదేశీ ప్రయాణం ఖాయమైనవారికే ప్రయాణపు కార్డు అవసరం. బిల్లు పూర్తిగా కట్టగలమన్న ధీమా లేనివారికి ఏ కార్డూ లేకపోవడమే లాభం.